యురేనియం విచ్ఛిత్తిలో వెలువడే శక్తిని లెక్కించే విధానం: 173 ఎక్కడిది, 200 ఎక్కడిది

యురేనియం-235 కేంద్రకం ఒకటి విచ్ఛిత్తి చెందితే, అంటే రెండు ముక్కలుగా చీలితే, ఎంత శక్తి వెలువడుతుందని అడిగితే, భౌతికశాస్త్రం చదువుకున్నవారు చాలామంది తడుముకోకుండా 200 ఎంఈవీ అని చెబుతారు. ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. అయితే పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపించే బేరియం-క్రిప్టాన్ సమీకరణాన్ని తీసుకుని, పట్టికలోని ద్రవ్యరాశులు వేసి జాగ్రత్తగా లెక్క కడితే 173 మాత్రమే వస్తుంది. అప్పుడు విద్యార్థి తన కూడికలోనే ఏదో పొరపాటు జరిగిందనుకుని మళ్లీ మొదటి నుంచి చేస్తాడు; మళ్లీ 173 వస్తుంది. నిజానికి రెండు సంఖ్యలూ సరైనవే, కాకపోతే అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కేంద్రకం చీలిన క్షణం దగ్గర ఖాతా మూసేస్తే ఒక సంఖ్య వస్తుంది, చీలిన ముక్కలు స్థిరమైన పరమాణువులుగా కుదురుకునేదాకా ఆగి మూస్తే మరొకటి వస్తుంది. ఈ లెక్క చేసేవారు మొట్టమొదట తేల్చుకోవలసింది ఇదే.

ముందుగా సమీకరణాన్ని పూర్తిగా రాసుకోవాలి. నెమ్మదిగా కదిలే న్యూట్రాన్ ఒకటి యురేనియం-235లో చేరినప్పుడు జరగగల అనేక చీలికల్లో ఇది ఒకటి:

యురేనియం-235 + 1 న్యూట్రాన్ → బేరియం-141 + క్రిప్టాన్-92 + 3 న్యూట్రాన్లు

ద్రవ్యరాశి సంఖ్యలను కూడితే ఎడమవైపు 235 + 1 = 236, కుడివైపు 141 + 92 + 3 = 236 వస్తాయి. పరమాణు సంఖ్యలు చూస్తే యురేనియానికి 92, బేరియానికి 56, క్రిప్టాన్‌కు 36 కాబట్టి అవీ సరిపోతాయి. ఈ తనిఖీ చిన్నదే అయినా దీన్ని వదిలిపెట్టకూడదు, ఎందుకంటే కుడివైపు ఒక న్యూట్రాన్‌ను రాయడం మరచిపోతే జవాబు ఏకంగా 900 ఎంఈవీకి పైగా తప్పుతుంది. ఈ తనిఖీ మరొక విషయాన్ని కూడా చెబుతోంది: చర్యకు ముందున్న ప్రోటాన్లు, న్యూట్రాన్లు అన్నీ తరువాత కూడా అలాగే ఉన్నాయి. ఏ కణమూ మాయమై శక్తిగా మారలేదు. అవి ఒకదానితో ఒకటి బంధించుకున్న తీరు మారింది, ఆ మార్పే మొత్తం ద్రవ్యరాశిలో తగ్గుదలగా కనిపిస్తుంది.

ఇప్పుడు ద్రవ్యరాశులు కావాలి. ఇక్కడ వాడవలసినవి ఆయా ఐసోటోపుల పరమాణు ద్రవ్యరాశులు తప్ప, ఆవర్తన పట్టికలో మూలకం గుర్తు కింద ముద్రించే సగటు పరమాణు భారాలు కావు. ఆవర్తన పట్టికలో బేరియానికి కనిపించే 137.33 ప్రకృతిలో దొరికే బేరియం ఐసోటోపులన్నింటి సగటు. విచ్ఛిత్తిలో పుట్టే బేరియం-141 అసలు ప్రకృతిలో దొరకనే దొరకదు. పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాల్లో, అంటే ఏఎంయూలలో, మనకు కావలసిన విలువలు ఇవి:

యురేనియం-235: 235.043930
న్యూట్రాన్: 1.008665
బేరియం-141: 140.914411
క్రిప్టాన్-92: 91.926156

ఎడమవైపు మొత్తం 235.043930 + 1.008665 = 236.052595. కుడివైపు మూడు న్యూట్రాన్లు కలిసి 3.025995 కాబట్టి మొత్తం 140.914411 + 91.926156 + 3.025995 = 235.866562. ఈ రెండింటి తేడా 0.186033 ఏఎంయూ. దీన్నే ఈ చర్యలోని ద్రవ్యరాశి లోపం అంటారు.

ఆరు దశాంశ స్థానాలు ఎందుకన్న సందేహం రావడం సహజం. ఒక చిన్న సంచి వేసిన లారీనీ ఖాళీ లారీనీ విడివిడిగా తూచి, ఆ తేడా నుంచి ఆ సంచి బరువు చెప్పవలసి వస్తే లారీల తూకం ఎంత కచ్చితంగా ఉండాలో, ఇక్కడ ద్రవ్యరాశులూ అంత కచ్చితంగా ఉండాలి. 236లో నుంచి దాదాపు 236ను తీసివేస్తున్నాం, మిగిలేది అందులో వెయ్యోవంతు కూడా లేదు. అన్ని ద్రవ్యరాశులనూ రెండు దశాంశాలకు కుదించి చూస్తే ఎడమవైపు 236.05, కుడివైపు 235.87 వస్తాయి. తేడా 0.18, శక్తి సుమారు 168 ఎంఈవీ. ఒక్క దశాంశానికే కుదిస్తే తేడా 0.2 అవుతుంది, శక్తి 186కు ఎగబాకుతుంది. కుదింపులేమైనా ఉంటే అవి చివరి జవాబులోనే చేయాలి, మధ్యలో ఎక్కడా చేయకూడదు.

ఏఎంయూను శక్తిగా మార్చడానికి శక్తి = ద్రవ్యరాశి × కాంతి వేగపు వర్గం అన్న ఐన్‌స్టీన్ సూత్రమే ఆధారం. ఒక ఏఎంయూ 1.66054 × 10⁻²⁷ కిలోగ్రాములు. దాన్ని కాంతి వేగపు వర్గంతో గుణిస్తే 1.49242 × 10⁻¹⁰ జౌళ్లు వస్తాయి. ఒక ఎంఈవీ 1.60218 × 10⁻¹³ జౌళ్లు కాబట్టి, భాగిస్తే ఒక ఏఎంయూకు సమానమైన శక్తి 931.494 ఎంఈవీ అని తేలుతుంది. ఈ ఒక్క సంఖ్యను గుర్తుపెట్టుకుంటే ప్రతిసారీ కిలోగ్రాములు, జౌళ్ల వైపు వెళ్లి ఘాతాంకాలతో కుస్తీ పట్టనవసరం లేదు.

0.186033 × 931.494 = 173.3 ఎంఈవీ

చీలిక జరిగిన క్షణంలో, ఈ ప్రత్యేకమైన చీలికకు వర్తించే జవాబు ఇది. ఇక్కడ చాలామంది తరచుగా పడే రెండు గోతులను గురించి చెప్పుకోవాలి. పట్టికల్లోని విలువలు పరమాణువులవి, అంటే వాటిలో ఎలక్ట్రాన్ల ద్రవ్యరాశి కూడా కలిసి ఉంటుంది. యురేనియంలో 92 ఎలక్ట్రాన్లు, బేరియం, క్రిప్టాన్‌లలో 56 + 36 కలిపి అవే 92 ఎలక్ట్రాన్లు కాబట్టి రెండు వైపులా అవి రద్దయిపోతాయి. ఒకవైపు కేంద్రక ద్రవ్యరాశి, మరొకవైపు పరమాణు ద్రవ్యరాశి వేసినవారికి మాత్రం ఒక్కో ఎలక్ట్రాన్‌కు 0.511 చొప్పున 47 ఎంఈవీ తేడా వస్తుంది. రెండోది, న్యూట్రాన్ యురేనియంలో చేరినప్పుడు విడుదలయ్యే 6.5 ఎంఈవీని కొందరు విడిగా కలుపుతారు. యురేనియం-236 ఉత్తేజిత స్థితికి వెళ్లి చీలిపోవడానికి కారణం ఆ శక్తే అన్నది నిజమే. కానీ మనం ఎడమవైపు విడి యురేనియాన్నీ విడి న్యూట్రాన్‌నూ వేసుకున్నప్పుడే అది లెక్కలో చేరిపోయింది. ఇక నెమ్మది న్యూట్రాన్ తనతో తెచ్చే గతిజ శక్తి గది ఉష్ణోగ్రత దగ్గర 0.025 ఎలక్ట్రాన్ వోల్టుల పాటిది. దాన్ని పట్టించుకోనక్కరలేదు.

ఇప్పుడు 200 సంగతికి వద్దాం. యురేనియం-235లో 92 ప్రోటాన్లకు 143 న్యూట్రాన్లు ఉన్నాయి, అంటే నిష్పత్తి 1.55. అంత భారీ కేంద్రకానికి ఆ నిష్పత్తి అవసరమే గానీ, దానిలో సగం పరిమాణం ఉన్న ముక్కలకు అది చాలా ఎక్కువ. అందువల్ల బేరియం-141, క్రిప్టాన్-92 రెండూ స్థిరంగా ఉండలేక, న్యూట్రాన్లను ఒక్కొక్కటిగా ప్రోటాన్లుగా మార్చుకుంటూ వరుసగా బీటా క్షయానికి లోనవుతాయి. బేరియం-141 మూడు మెట్లలో లాంథనం, సీరియం మీదుగా ప్రసియోడిమియం-141గా, క్రిప్టాన్-92 నాలుగు మెట్లలో రుబీడియం, స్ట్రాన్షియం, ఇట్రియం మీదుగా జిర్కోనియం-92గా స్థిరపడతాయి. ప్రతి మెట్టులోనూ కొంత శక్తి విడుదలవుతుంది. దాన్ని మెట్టు మెట్టుకూ విడిగా లెక్కించనవసరం లేదు. తొలి, తుది ద్రవ్యరాశులు చాలు. ప్రసియోడిమియం-141 ద్రవ్యరాశి 140.907653, జిర్కోనియం-92 ద్రవ్యరాశి 91.905041.

తుది మొత్తం: 140.907653 + 91.905041 + 3.025995 = 235.838689
ద్రవ్యరాశి లోపం: 236.052595 − 235.838689 = 0.213906 ఏఎంయూ
శక్తి: 0.213906 × 931.494 = 199.3 ఎంఈవీ

ఖాతా మూసే తేదీని వాయిదా వేసినందుకు అదనంగా చేరినవి 26 ఎంఈవీలు. బీటా క్షయాల్లో వెలువడిన ఏడు ఎలక్ట్రాన్లను కుడివైపు కలపాలా అన్న ప్రశ్న ఇక్కడ తప్పకుండా వస్తుంది. కలపకూడదు. ప్రసియోడిమియం, జిర్కోనియం పరమాణు ద్రవ్యరాశుల్లో 59 + 40 = 99 ఎలక్ట్రాన్లు ఇప్పటికే ఉన్నాయి; పాత 92కు కొత్తగా పుట్టిన 7 కలిస్తే వచ్చేది అదే. మళ్లీ కలిపితే జవాబు 3.6 ఎంఈవీ తగ్గిపోతుంది.

చీలిక ప్రతిసారీ ఒకే విధంగా జరగదన్నది కూడా గుర్తుంచుకోవాలి. జినాన్-140, స్ట్రాన్షియం-94, 2 న్యూట్రాన్లు వచ్చే చీలికను తీసుకుంటే, వాటి ద్రవ్యరాశులు 139.92164, 93.91536 కాబట్టి లోపం 0.198265 ఏఎంయూ, చీలిన క్షణపు శక్తి 184.7 ఎంఈవీ అవుతుంది. ఈ ముక్కలు చివరకు సీరియం-140, జిర్కోనియం-94గా కుదురుకున్నాక మొత్తం 208.2కు చేరుతుంది. ఒకే ఇంధనానికి రెండు చీలికల మధ్యనే 9 ఎంఈవీ అంతరం ఉందన్నమాట. ఏ చీలిక ఎంత తరచుగా జరుగుతుందో దాన్ని బట్టి సగటు తీస్తే యురేనియం-235కు మొత్తం సుమారు 202.5 ఎంఈవీ అని తేలుతుంది. 200 అనేది ఆ సగటుకు దగ్గరి గుండు సంఖ్య తప్ప ఏ ఒక్క సమీకరణపు జవాబూ కాదు.

ఆ సగటు 202.5 ఎక్కడెక్కడికి పోతుందో చూస్తే 173, 200ల సంగతి మరింత స్పష్టమవుతుంది. చీలిన రెండు ముక్కల గతిజ శక్తి దాదాపు 169. చీలిక వెంటనే వెలువడే న్యూట్రాన్లు 5, గామా కిరణాలు 7 పట్టుకుపోతాయి. ఇంతవరకూ 181, ఇదంతా తక్షణ శక్తి. తరువాత సెకన్ల నుంచి సంవత్సరాల దాకా సాగే క్షయాల్లో బీటా కణాలకు 6.5, గామా కిరణాలకు 6.3, యాంటీన్యూట్రినోలకు 8.8 చేరుతాయి. ముక్కలు ఇంధనంలో కొన్ని మైక్రోమీటర్ల దూరంలోనే ఆగిపోయి తమ శక్తిని అక్కడే వేడిగా వదులుతాయి. యాంటీన్యూట్రినోలు మాత్రం రియాక్టర్ గోడలనే కాదు, భూగోళాన్ని సైతం దాదాపు ఆటంకం లేకుండా దాటిపోతాయి కాబట్టి వాటి 8.8 ఎంఈవీని వేడి లెక్కలో కలపకూడదు. మరి రియాక్టర్ ఇంజినీర్లు కూడా 200 అనే ఎందుకు వాడుతారు? విచ్ఛిత్తి కలిగించకుండా ఇతర కేంద్రకాల్లో చిక్కుకున్న న్యూట్రాన్లు అక్కడ గామా కిరణాలను పుట్టించి, దాదాపు అంతే శక్తిని తిరిగి వేడి రూపంలో చేరుస్తాయి. పోయినదీ వచ్చినదీ ఇంచుమించు సమానం కావడం యాదృచ్ఛికమే, కానీ లెక్క వేసేవారికి అది మంచి సౌకర్యం. ఆలస్యంగా వచ్చే బీటా, గామా శక్తులు కలిపి మొత్తంలో 6 శాతానికి పైగా ఉంటాయి. రియాక్టర్‌లో శృంఖల చర్యను ఆపేసిన మరుక్షణం కూడా అంత వాటా వేడి పుడుతూనే ఉండడానికీ, ఆపేసిన తరువాత సైతం చల్లబరచడం మానకూడదనడానికీ కారణం ఇదే.

వచ్చిన జవాబును మరో దారిలో సరిచూసుకోవడం మంచి అలవాటు. బంధన శక్తుల దారి అందుకు బాగా పనికివస్తుంది. బంధన శక్తి అంటే కేంద్రకాన్ని విడి ప్రోటాన్లు, న్యూట్రాన్లుగా విడగొట్టడానికి కావలసిన శక్తి. ఒక్కో న్యూక్లియాన్‌కు, అంటే ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు, సగటు బంధన శక్తి యురేనియం-235లో 7.591, బేరియం-141లో 8.326, క్రిప్టాన్-92లో 8.513 ఎంఈవీ. వీటిని ద్రవ్యరాశి సంఖ్యలతో గుణిస్తే వరుసగా 1783.9, 1174.0, 783.2 వస్తాయి. విడి న్యూట్రాన్లకు బంధన శక్తి సున్నా కాబట్టి అవి ఈ లెక్కలోకి రావు. 1174.0 + 783.2 − 1783.9 = 173.3, మొదటి పద్ధతిలో వచ్చినదే. ఇక్కడ తీసివేత దిశను తారుమారు చేయడం సర్వసాధారణం. ద్రవ్యరాశులతో చేసేటప్పుడు ముందున్నదాని నుంచి తరువాతిదాన్ని తీసివేస్తాం, బంధన శక్తులతో చేసేటప్పుడు తరువాతిదాని నుంచి ముందున్నదాన్ని తీసివేస్తాం. ఎందుకంటే గట్టిగా బంధించుకున్న కేంద్రకానికి ద్రవ్యరాశి తక్కువ.

మూడో దారికి ద్రవ్యరాశి పట్టికే అక్కరలేదు. 1938 డిసెంబరులో బెర్లిన్ నుంచి రసాయన శాస్త్రవేత్త ఓటో హాన్ రాసిన ఉత్తరం ద్వారా యురేనియం నుంచి బేరియం వచ్చిందన్న వార్త భౌతిక శాస్త్రవేత్త లీజె మైట్నర్‌కు అందినప్పుడు, స్వీడన్‌లోని కుంగెల్వ్‌లో ఆమె, ఆమె సోదరి కుమారుడు ఓటో ఫ్రిష్ కలిసి కాగితం మీద వేసిన అంచనా ఇదే బాటలో సాగింది. చీలిన రెండు ముక్కలూ ధనావేశం గలవి కాబట్టి ఒకదాన్నొకటి బలంగా నెట్టుకుంటాయి. ఆ వికర్షణ శక్తి సుమారు 200 ఎంఈవీ ఉంటుందని వారు లెక్కించారు. ద్రవ్యరాశి వైపు నుంచి చూస్తే తరిగేది ఒక ప్రోటాన్ ద్రవ్యరాశిలో ఐదో వంతు ఉంటుందని మైట్నర్ తేల్చారు. పైన మనకు వచ్చిన 0.2139 ఏఎంయూ పక్కన పెట్టి చూస్తే ఆ అంచనా ఎంత దగ్గరగా వచ్చిందో తెలుస్తుంది.

మనం కూడా అది చేసి చూడవచ్చు. రెండు ఆవేశాల మధ్య స్థితిజ శక్తి 1.44 × (మొదటి పరమాణు సంఖ్య × రెండో పరమాణు సంఖ్య) ÷ దూరం. దూరాన్ని ఫెమ్టోమీటర్లలో (ఒక ఫెమ్టోమీటరు 10⁻¹⁵ మీటర్లు) వేస్తే జవాబు ఎంఈవీలలో వస్తుంది. కేంద్రక వ్యాసార్ధం 1.2 × ద్రవ్యరాశి సంఖ్య ఘనమూలం అనుకుంటే, బేరియం-141, క్రిప్టాన్-92 గోళాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉన్నప్పుడు వాటి కేంద్రాల మధ్య దూరం 1.2 × (5.20 + 4.51) = 11.7 ఫెమ్టోమీటర్లు. శక్తి 1.44 × 56 × 36 ÷ 11.7 = సుమారు 248 ఎంఈవీ. ఇది ఎక్కువగా వచ్చింది, రావలసిందే కూడా. విడిపోయే సమయానికి ముక్కలు గుండ్రంగా ఉండక సాగిపోయి ఉంటాయి, కేంద్రాల మధ్య దూరం ఇంకా పెరిగి ఉంటుంది. ఆ దూరం 17 ఫెమ్టోమీటర్లని తీసుకుంటే శక్తి 171కు దిగి, ముక్కల గతిజ శక్తి 169కి చాలా దగ్గరగా వస్తుంది. ఈ పద్ధతి కచ్చితమైన జవాబు ఇవ్వదు. కానీ ఆ శక్తిలో అత్యధిక భాగం విద్యుత్ వికర్షణ ద్వారానే ముక్కల వేగంగా మారుతుందని దీని వల్ల తెలిసినంత స్పష్టంగా ద్రవ్యరాశుల తీసివేత వల్ల తెలియదు.

ఒక్క కేంద్రకం నుంచి కిలోగ్రాముకు వెళ్లడం సులభం. ఒక కిలో యురేనియం-235లో ఉండే పరమాణువుల సంఖ్య 6.022 × 10²³ × 1000 ÷ 235.04 = 2.562 × 10²⁴. ఒక్కో విచ్ఛిత్తికి 200 ఎంఈవీ, అంటే 3.204 × 10⁻¹¹ జౌళ్లు అనుకుంటే, మొత్తం 8.21 × 10¹³ జౌళ్లు. ఒక యూనిట్ విద్యుత్తు 36 లక్షల జౌళ్లు కాబట్టి ఇది 2 కోట్ల 28 లక్షల యూనిట్లకు సమానమైన వేడి. కిలోకు 2.93 × 10⁷ జౌళ్లు ఇచ్చే మేలైన బొగ్గుతో పోలిస్తే దాదాపు 2,800 టన్నుల బొగ్గుతో సమానం. ఇంత శక్తి ఇచ్చాక తరిగే ద్రవ్యరాశి 8.21 × 10¹³ను కాంతి వేగపు వర్గంతో భాగిస్తే వచ్చే 0.91 గ్రాములు మాత్రమే. కిలో యురేనియం మొత్తం శక్తిగా మారిపోతుందని అక్కడక్కడా రాస్తుంటారు. అది తప్పు, మారేది వెయ్యో వంతు కన్నా తక్కువ.

ఇదే లెక్కను తిప్పి వాడితే రియాక్టర్ ఇంధన ఖర్చు తెలుస్తుంది. 1,000 మెగావాట్ల విద్యుత్తు ఇచ్చే రియాక్టర్ సామర్థ్యం మూడోవంతు అనుకుంటే అది 3,000 మెగావాట్ల వేడిని పుట్టించాలి. సెకనుకు జరగవలసిన విచ్ఛిత్తులు 3 × 10⁹ ÷ 3.204 × 10⁻¹¹ = 9.36 × 10¹⁹. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 8.09 × 10²⁴ విచ్ఛిత్తులు, అంటే 3.16 కిలోల పరమాణువులు చీలాలి. అయితే చీలినవి ఎన్నో ఖర్చయినవి కూడా అన్నే అనుకుంటే పొరపాటు. నెమ్మది న్యూట్రాన్‌ను అందుకున్న యురేనియం-235 కేంద్రకాల్లో సుమారు 85.5 శాతమే చీలుతాయి, మిగిలినవి గామా కిరణం వదిలి యురేనియం-236గా ఉండిపోతాయి. అందువల్ల శక్తి అంతా యురేనియం-235 నుంచే వస్తోందనుకుంటే రోజుకు ఖర్చయ్యేది 3.16 ÷ 0.855 = 3.7 కిలోలు. నిజమైన రియాక్టర్‌లో యురేనియం-238 నుంచి పుట్టే ప్లుటోనియం-239 కూడా చీలుతూ కొంత భారం మోస్తుంది కాబట్టి యురేనియం-235 ఖర్చు ఇంతకన్నా తక్కువగానే ఉంటుంది. ప్లుటోనియం వాటాను కలపదలచినవారు దాని విచ్ఛిత్తి ముక్కలతో పైన చేసిన తీసివేతనే మళ్లీ చేయాలి. ఎడమవైపు మొదటి ద్రవ్యరాశి ఒక్కటే మారుతుంది, సగటు జవాబు యురేనియం-235 కన్నా కొద్దిగా ఎక్కువ వస్తుంది.